మార్లవాయి పండితుడు

రాజధానినుండి తెలుగు దేశమునకు పోవు రైలుబండిలో మనవారు చంద్రపురము మీదుగా ననేక పర్యాయములు ప్రయాణము చేసియే యుందురు. బొగ్గుగనులును, విద్యుత్కేంద్రపు పొగగొట్టములును కనబడును. చంద్రపురము వెంటనే బల్లార్షా వచ్చును. వార్ధానది దాటినపిదప మాణిక్‌గఢ్, ఆపైన సిర్పూరు కాగజ్‌నగరము. అచ్చటి పలకలపై తెలుగక్షరములు చూచి, ఇల్లు చేరువయైనదని మనవారు సంతోషింతురు. ఆ దారికి పడమటగా నున్న కొండలలో మార్లవాయి యను గోండుపల్లె యొకటి కలదు. ఆ పల్లెలో రెండు సమాధులున్నవి. ఒకటి వియన్నా నగరమున జన్మించి లండనులో ఆచార్యపదవి నధిష్ఠించిన మానవశాస్త్ర పండితునిది. రెండవది ఆతని భార్యది.

విశ్వవిద్యాలయపు ముంగిట పండితుని విగ్రహముండుట వింత గాదు. ఆతడు వ్రాసిన గ్రంథముల నెన్నడును చదువని జనులు తమ పల్లెలో ఆతని సమాధిని కాపాడుకొనుట వింత. చదువుకొన్నవారికిని సామాన్యప్రజకును నడుమనున్న యెడమునుగూర్చి మన సభలలో తరచుగా చర్చ జరుగుచుండును. ఆ యెడమును కొంత దాటి, కొంత దాటలేకపోయిన వాని కథ యిది. కావున క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ జీవితమును మన విద్యావంతులు తెలిసికొనదగియున్నది.

ఆ దేశము పూర్వచరిత్ర కొంత చెప్పక ఈ కథ బోధపడదు. నేడు చంద్రపురమని పిలువబడుచున్న చాందా గోండురాజుల రాజధాని. ఆ నగరమును స్థాపించినవాడు ఖాండక్యా బల్లాళ షా యని ఐతిహ్యము. నగరమును చుట్టియున్న రాతికోట నేటికిని ఆ వంశమును స్మరింపజేయుచున్నది. పెనుగంగకు దక్షిణముననున్న ఆదిలాబాదు కొండలలోని గోండు దొరలు ఆ రాజులనే తమ ప్రభువులుగా నెంచిరి. 18వ శతాబ్దమున చాందా నాగపురపు భోంసలే వశమయ్యెను. నదికి దక్షిణభాగము క్రమముగా నిజాము ఏలుబడిలోనికి పోయెను. రాజ్యము రెండు ముక్కలైనను ప్రజ యొక్కటియే. వారు తమ్ము కోయితూరులని చెప్పుకొందురు. వారి గోండీ మన తెలుగునకు దాయాదియైన ద్రావిడభాష. అయినను ఆ భాష వినినప్పుడు మనలో నెందరు దానిని చుట్టముగా గుర్తింతురు?

హైమన్‌డార్ఫ్ 1909లో నొక ప్రభువంశమున జన్మించెను. వియన్నా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రము నభ్యసించి 1931లో డాక్టరు పట్టము నందెను. అస్సాము, బర్మా కొండజాతుల సంఘవ్యవస్థను గూర్చిన ఆ సిద్ధాంతవ్యాసమును ఆతడు ఆ కొండలను చూడకయే, గ్రంథాలయములోని పుస్తకములనుండి వ్రాసెను. నాటి పండితలోకములో నదేమియు దోషము గాదు. తరువాత లండనులో మాలినోవ్‌స్కీ యొద్ద చేరి, జనులతో కలిసి నివసించి, వారి మాట నేర్చినగాని వారినిగూర్చి వ్రాయరాదను పద్ధతిని గ్రహించెను. 1936లో నాగాకొండలకు వచ్చి కొన్యాకు నాగులనడుమ నొక యేడాది గడపెను. 1938లో ఎలిజబెత్ బర్నార్డో అను నాంగ్లకన్యను వివాహమాడెను. బెట్టీ యని పిలువబడు నామె నాటినుండి యాతని ప్రయాణములన్నిటను తోడుగా నుండెను.

1939లో ఆతడు మరల హిందూదేశమునకు వచ్చినపుడు యుద్ధ మారంభమయ్యెను. ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయి యుండుటచే ఆతని చేతిలోనిది జర్మను పాసుపోర్టు. బ్రిటిషు ప్రభుత్వము దృష్టిలో ఆతడు శత్రుదేశీయుడు. హైదరాబాదు సంస్థానపు సరిహద్దులు దాటి పోరాదని యాతనికి కట్టుబాటు విధించిరి. ఇట్లు ఖైదువంటిదే యాతనికి విద్యాక్షేత్రమయ్యెను. నిజాము ప్రభుత్వము అనుమతి నొసగగా 1940లో అమ్రాబాదు పీఠభూమిపై చెంచులతోను, తరువాత గోదావరి తీరమున పాపికొండల రెడ్లతోను నివసించెను. చెంచులపై గ్రంథము 1943లోను, కొండరెడ్లపై గ్రంథము 1945లోను వెలువడెను. అంతవరకు ఆతడు చూచి వ్రాయు పండితుడు మాత్రమే.

ఆతని జీవితమును మార్చినది ఆదిలాబాదు. అచ్చటి స్థితి యెట్టిదో చెప్పవలసియున్నది. గోండులు తరతరములుగా సాగుచేయుచున్న భూములలో చాల భాగమునకు పట్టాలు లేవు. శిస్తు కట్టుచుండినను ఆ సాగు శివాయి జమాబందీ యని లెక్కలలో వ్రాయబడుచుండెను. అనగా నేటి కనుమతియే గాని రేపటికి హక్కు లేదు. 1920 దశకము చివర కాజీపేట బల్లార్షా రైలుమార్గము పూర్తియయ్యెను. మన ప్రయాణమునకు సుకరమైన యా మార్గమే యడవిలోనికి వర్తకులను, వడ్డీవ్యాపారులను, నల్లరేగడి భూములకై వెదకు కాపులను కొనివచ్చెను. వారిలో మరాఠీవారు కలరు, తెలుగువారును కలరు. పట్టాకు దరఖాస్తు పెట్టవలెనని వారికి తెలియును, గోండునకు తెలియదు. కాగితము ఉర్దూలో నుండును, పట్వారీ మరాఠీలోనో తెలుగులోనో మాటలాడును, దున్నువాడు గోండీలో ఆలోచించును. మూడు భాషల నడుమ భూమి చేతులు మారుచుండెను.

ఇది చాలదన్నట్లు అడవిశాఖవారు రక్షితారణ్యములకు గీతలు గీసిరి. ఆ గీతలలోపల బడిన పల్లెలు ఖాళీ చేయవలసివచ్చెను, పోడు నేరమయ్యెను, పశువులు మేసినందుకును, కట్టె కొట్టినందుకును జరిమానాలు పడుచుండెను. మొరలు వినబడకపోగా కుమ్రం భీము నాయకత్వమున గోండులును కోలాములును తిరుగబడిరి. 1940లో జోడేఘాటు కొండపై పోలీసుల కాల్పులలో భీముడును, ఆతని యనుచరులు కొందరును హతులైరి. నాటి భీముడు నేడొక జిల్లాకు పేరైనాడు. కాల్పులతో తిరుగుబాటు అణగెను గాని, ఎందుకు తిరుగబడిరను ప్రశ్న ప్రభుత్వమును వదలలేదు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగల వ్యక్తి సంస్థానములో నొక్కడే కనబడెను. ఆతడు శత్రుదేశీయుడైన యీ పండితుడు.

1941 మొదలుకొని హైమన్‌డార్ఫ్ దంపతులు ఆదిలాబాదు గోండుల నడుమ తిరిగి, మార్లవాయిలో గుడిసె కట్టుకొని నివసించిరి. ఆతడు గోండీ నేర్చెను. పర్దానులు తంత్రీవాద్యముపై పాడు వంశగాథలను వ్రాసికొనెను. పెర్సాపేన్ కొలువును, దండారి నృత్యములను, పెండ్లి, చావుల తంతులను కనిపెట్టెను. 1948లో ప్రకటింపబడిన రాజగోండుల గ్రంథమునకు సామగ్రి యంతయు నిట్లే చేకూరెను. కాని పురాణకథ యడుగ వచ్చిన పండితునకు గోండులు పురాణముతోపాటు పట్వారీ కథయు చెప్పిరి. ఏ తెగకు ఏ దేవుడని యాతడు వ్రాసికొనుచుండగా, ఏ పొలము ఏ సాహుకారు వశమైనదను లెక్కయు ఆ పుస్తకములోనికే వచ్చి చేరెను.

ఇచ్చట సామాన్యపండితుడు చేయు పని మనకు తెలిసినదే. మొదటి భాగమును గ్రంథముగా ప్రకటించి, రెండవ భాగమును తన శాస్త్రమునకు సంబంధింపనిదని పక్కకు నెట్టును. హైమన్‌డార్ఫ్ అట్లు చేయలేదు. ఆ లెక్కలతో ప్రభుత్వమునకు నివేదికలు వ్రాసెను, అధికారులను వెంటబడెను. 1945లో నిజాము ప్రభుత్వమునకు గిరిజన విషయములలో సలహాదారుడుగా నియమింపబడెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగను బోధించెను. బస్తరు మాడియాలపై స్వయముగా గ్రంథము వ్రాసిన గ్రిగ్సను దొర నాడు సంస్థానమున రెవిన్యూ బాధ్యత వహించియుండుట ఆతనికి కలిసివచ్చెను. గోండీ నేర్చిన సేతుమాధవరావు పగ్డీవంటి దేశీయాధికారులు ఉట్నూరు ప్రాంతమున నిలిచి పనిచేసిరి. సలహా యొకరిదైనను, పల్లె పల్లెకు పోయి హద్దులు తేల్చి కాగితము చేతికిచ్చిన శ్రమ యిట్టివారిది. 1940 దశకము ముగియులోపల ఆ జిల్లాలో లక్ష యెకరములకు పైగా భూమికి గిరిజనులకు పట్టాలు లభించెను. 1356 ఫసలీలో గిరిజనప్రాంతముల పాలనకు ప్రత్యేక నిబంధన వచ్చెను.

కేస్లాపూరులో మేస్రం వంశమువారు పుష్యమాసపు అమావాస్యనాడు నాగోబా జాతర జరుపుదురు. కొండలలోని గోండులందరు నచ్చటికి చేరుదురు. ఆ జాతరలోనే యధికారులు దర్బారు తీర్చి గిరిజనుల మొరలు వినవలెనను ఏర్పాటు హైమన్‌డార్ఫ్ కాలమున, ఆతని ప్రోద్బలముననే మొదలయ్యెను. ఇది చిన్నపనివలె కనబడును. కాని కచేరీ యెక్కడ నున్నదో తెలియని ప్రజకు కచేరీయే నడచివచ్చుట యెంత మార్పో, తాలూకా కచేరీ మెట్లపై దినములు గడపిన కక్షిదారుల నెరిగిన మా వృత్తివారికి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రభుత్వములు మారినను ఆ దర్బారు నిలిచినది.

రెండవ కార్యము విద్య. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము తెరువబడెను. అక్షరము వచ్చిన గోండులే యరుదు. దొరికిన కొద్దిమందినే చేర్చుకొని, వారికి చదువు చెప్పి, వారిచే పిల్లలకు చెప్పించిరి. దేవనాగరి లిపిలో గోండీ వాచకములు తయారయ్యెను. పిల్లవాడు తొలియక్షరమును తల్లిమాటలో నేర్చి, పిదప పాలకులభాషకు పోవలెనని యా పద్ధతి. తెలుగువారి కిది కొత్త గాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు అంతకు పూర్వమే సవరభాష నేర్చి, సవరపిల్లలకు వాచకములు వ్రాసి, స్వంతసొమ్ముతో బడులు పెట్టి, ఆ కొండలలో మలేరియా పాలై వినికిడి పోగొట్టుకొనిరి. వాడుకభాషకై పంతులుగారు చేసిన వాదము మన సాహిత్యచరిత్రలో కెక్కినది. సవరబడుల సంగతి యెరిగినవారు తక్కువ. ఆ రెండును ఒక్క విశ్వాసమునుండి పుట్టినవే యని మాకు తోచుచున్నది: విద్య జనుల నోటిమాటతో మొదలు కావలయును.

స్తుతి చాలును, లోపములును చెప్పవలయును. హైమన్‌డార్ఫ్ ప్రజలు కోరి తెచ్చుకొన్న నాయకుడు గాడు. ప్రభువు నియమించిన సలహాదారుడు. ఆయుధము పట్టిన ప్రజలు ప్రాణములిచ్చిన తరువాతనే ఆతని మాటకు కొలువులో విలువ కలిగెను. భీముని రక్తము లేనిచో ఈ నివేదికలు బీరువాలోనే యుండెడివి. గోండులకు మేలైనది ఏదో గోండులచే చెప్పించుటకంటె, వారి పక్షమున తానే చెప్పుట కాతడు అలవాటుపడియుండెను. మరియు వారి దేవతలను, గాథలను, దుఃఖములను నింపిన ఆతని మహాగ్రంథములు ఆంగ్లమున నున్నవి. ఎవరినిగూర్చి వ్రాయబడెనో వారికవి మూసిన తలుపులు.

అన్నిటికంటె పెద్దలోపము మరియొకటి. ఆతడు కట్టిన కట్టడము కొందరు మంచి యధికారులపై నాధారపడియుండెను. 1948లో నిజాము పాలన యంతమయ్యెను. హైమన్‌డార్ఫ్ లండనుకు పోయి, 1951లో ప్రాచ్య ఆఫ్రికా విద్యాపీఠమున ఆచార్యుడై, నేపాళమునకును షేర్పాలవైపునకును దృష్టి మరల్చెను. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రములు వచ్చెను. మనము మన భాషకు రాష్ట్రము దొరకినదని పండుగ చేసికొంటిమి. ఆదిలాబాదు జిల్లాలోనుండి రాజూరా తాలూకా విడదీయబడి బొంబాయి రాష్ట్రమునకు పోయి, 1959లో చాందా జిల్లాలో చేరెను. మరాఠీవారికి మరాఠీ, తెలుగువారికి తెలుగు పంచిపెట్టిన యా పంపకములో గోండీ యెవరి పద్దులోను లేదు. చాందా రాజుల ప్రజ మరల సరిహద్దుకిరువైపుల నిలిచెను. గోండీ వాచకములు మూలబడెను. నిన్న ఉర్దూ రానందున నష్టపోయిన గోండు నేడు తెలుగు రానందున, ఆవలి యొడ్డున మరాఠీ రానందున నష్టపోయెను. మన విజయమునకు ఈ వెనుకవైపును కలదని మన చరిత్రకారులు తరచుగా చెప్పరు.

భూమికథయు నట్లే యయ్యెను. ఆంధ్రప్రాంతపు ఏజెన్సీలకై 1959లో చేయబడిన భూబదలాయింపు నిబంధన తెలంగాణములో 1963లోగాని యమలులోనికి రాలేదు. 1970లోని సవరణ, ఏజెన్సీలోని భూమి గిరిజనునిదే యని భావింపవలెననియు, కాదను వాడే రుజువు చేసికొనవలెననియు శాసించెను. శాసనము బలమైనదే. కాని శాసనము వచ్చులోపల చేతులు మారిన భూమి మారినది; వచ్చినపిదపను న్యాయస్థానములలో వాయిదాలు పెరిగినవి. ఆ వాయిదాలలో వాదించిన వకీళ్ళు మావారే, మీవారే.

లండను పండితుడు ఆదిలాబాదును మరువలేదనుట ఆతని గౌరవమునకు కారణము. 1970 దశకమున పలుమార్లు తిరిగివచ్చి, తా నెరిగిన పల్లెలనే మరల చూచెను. తాను యౌవనములో చూచి సంతోషించిన పట్టాదారుల బిడ్డలు కొందరు కూలీలై యుండిరి. 1979లో గోండులపై మరియొక గ్రంథమును, 1982లో భారతీయగిరిజనుల బ్రతుకుపోరాటముపై గ్రంథమును ప్రకటించెను. తన తొలినాటి ఆశలు ఫలింపలేదని దాచక చెప్పిన పుస్తకము లవి. పండితుడు తన పూర్వవిజయమును తానే కొట్టివేసికొనుట మనమందరము అనుకొన్నంత సులభము గాదు. ఆ గ్రంథములు వెలువడుచున్న కాలముననే, 1981 ఏప్రిల్ 20వ తేదీన, నాగోబా కేస్లాపూరునకు సమీపముననే యున్న ఇంద్రవెల్లిలో, భూమి హక్కులకై గుమిగూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. జోడేఘాటు కాల్పులకును ఇంద్రవెల్లి కాల్పులకును నడుమ నలువదియొక్క సంవత్సరములు. అడిగినది మాత్ర మదియే.

1987లో బెట్టీ హైదరాబాదున మరణించెను. ఆమె సమాధి మార్లవాయిలో వెలసెను. 1995లో హైమన్‌డార్ఫ్ లండనులో కన్నుమూసెను. ఆతని స్మారకమును పిదప భార్య ప్రక్కనే నిలిపిరి. ప్రతి సంవత్సరము జనవరిలో గోండులు అచ్చట గుమిగూడి తమ సంప్రదాయము ననుసరించి వారిని కొలుచుచున్నారు. గ్రంథములు చదివి కాదు. వచ్చి తమతో నుండెనని, తమ మాట నేర్చెనని, తాత చేతికి కాగితమిప్పించెనని.

ఈ వ్యాసకర్త న్యాయవాదవృత్తిలో ప్రవేశించిన తొలినాళ్ళలో నొక మారుమూల కక్షిదారునిచే ఆంగ్లములోని ప్రమాణపత్రముపై వ్రేలిముద్ర వేయించెను. అందేమి వ్రాసితివని ఆ వృద్ధు డడుగగా, నీకు మేలుచేయు మాటలే యని చెప్పి కాగితము మడచెను. ఆ మాట అబద్ధము గాదు. వ్యాజ్యము గెలిచినది కూడ. కాని తన భూమినిగూర్చి తన పేర చెప్పబడిన దేమో తెలియకయే ఆ వృద్ధుడు ఇంటికి పోయెను. చదివి చెప్పుటకు పావుగంట పట్టెడిది. ఆ పావుగంటయే చదువరికిని సామాన్యునకును నడుమనున్న యెడము. ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచు నీ మాట చెప్పుటలోని విపరీతమును మే మెరుగక పోలేదు.

జనులయొద్దనుండి పొందిన జ్ఞానమును జనులకు తిరిగి యప్పగించువరకు పండితుని పని ముగియదు. అప్పగించుటయన, వారి భాషలో, వారి చేతిలో నిలుచు రూపమున నప్పగించుట. హైమన్‌డార్ఫ్ పట్టాలరూపమునను, వాచకములరూపమునను కొంత యప్పగించెను, గ్రంథములను అప్పగింపలేకపోయెను. ఇతరులు కాపాడవలసినవి కాపాడబడక చేయిజారినవి. గోండులు స్వయముగా చేపట్టిన జాతరయు, దర్బారును, సమాధులును మాత్రము నిలిచినవి. రాజధానిలోని మన వైద్యులును, వకీళ్ళును, ఆచార్యులును, ఉద్యోగులును ఈమారు రైలులో బల్లార్షా దాటునపుడు, ఆ పడమటికొండలవైపు ఒకసారి చూతురుగాక. తమ చదువులో నెంత భాగము, ఎవరియొద్దనుండి తెచ్చినది, వారికి తిరిగి చేరినదో, ఇల్లు చేరులోపల లెక్క చూచికొనుటకు కావలసినంత దూరము మిగిలియే యుండును.